నల్లబిళ్ల ఎక్కడ పెట్టాలి

మా ఆయన సౌండు మనిషి. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో పనిచేసేవారు. నేనూ అక్కడే గొంతు ఇచ్చేదాన్ని. హీరోయిన్‌కి కాదు లెండి, ఆవిడ పక్కన నిలబడి "అయ్యో పాపం" అనే స్నేహితురాలికి, పెళ్లి గుంపులో గుసగుసలాడే ఆడవాళ్లకి, ఏడ్చే తల్లులకి. కృష్ణానగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. తొంభైల్లో మాట.

ఆయనకు పని నేర్పిన పెద్దాయన ఒకటే సూత్రం చెప్పారట. మాట వినపడకపోతే ముందు మైకు జరుపు, ఆ తర్వాతే ఆర్టిస్టును అను. ఆయనకు అది వేదం. ఇంట్లో రేడియో గరగరలాడితే గూట్లోంచి కిటికీలోకి, కిటికీలోంచి బీరువా మీదికి మార్చి ఇల్లంతా తిప్పేవారు. స్టేషనే ఆగిపోయిందేమోనండీ అని నేనంటే వినేవారు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నాకు ఏడో నెల దాటాక ఒక రోజు కడుపులో కదలిక ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే స్కానింగుకు వెళ్లాం. డాక్టరమ్మ పొట్ట మీద చల్లటి జిగురు రాసి, చేతిలోని పరికరాన్ని మెల్లగా జరుపుతూ తెర చూసింది. తల కనిపించింది. వెన్నుపూస ఒక్కో పూసా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించింది. గుండె దగ్గర మాత్రం కదలిక లేదు. ఆవిడ ఆ మాట మెల్లగానే చెప్పింది.

"కొంచెం పక్కకు పెట్టి చూడండమ్మా" అన్నారు మా ఆయన. ఆవిడ పెట్టింది. "ఇంకాస్త కిందికి." అక్కడా పెట్టింది. నాలుగోసారికి ఆవిడ తెరను వదిలి నా ముఖం వైపు చూసింది. "చాలండి" అన్నాను నేను.

ఇంకో చోట చూపిద్దామని ఆయన పట్టుబట్టారు. నాకు ఓపిక లేదు. లేచి ఇంకో మెట్టెక్కి, ఇంకో బల్ల మీద పడుకుని, మళ్లీ ఆ జిగురు రాయించుకోవడం నా వల్ల కాదనిపించింది. నొప్పులు తెప్పించి కాన్పు చేయడానికి ఆసుపత్రి వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టేశాను. మరుసటి రోజు మధ్యాహ్నం పుట్టింది. ఆడపిల్ల. జుట్టు ఒత్తుగా ఉంది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పది పదిహేను రోజులకోసారి అన్నం తింటూ తింటూ ఆగి, "ఇంకో చోట పెట్టి చూడాల్సింది" అనేవారు. నేను చారు పోసేదాన్ని. ఆయన కలుపుకుని తినేవారు. నాలోనూ అదే అనుమానం కూర్చుని ఉందని ఆయనకు చెప్పలేదు. ఆ డాక్టరమ్మ సరిగ్గా పెట్టలేదేమో. గుండె ఎక్కడో ఓ మూల కొట్టుకుంటూనే ఉందేమో. అది తెలుసుకోకుండా నేనే తొందరపడి సంతకం పెట్టానేమో. ఆ ఒక్కటీ తేలితే చాలనిపించేది. కానీ తేల్చేవాళ్లెవరు?

నాకు ఏడుపు రాలేదు. రెండు నెలలకే పనికి వెళ్లాను. ఒక సినిమాలో కొడుకు శవం మీద పడి ఏడ్చే తల్లికి గొంతు ఇచ్చాను. ఒక్క టేకులో ఓకే అయింది. లోపలున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను ఆటో ఎక్కి ఇంటికొచ్చి, పొద్దున నానబెట్టిన మినప్పప్పు పులిసిపోయిందేమో చూసుకున్నాను. ఒళ్లంతా తిమ్మిరెక్కిన కాలులా ఉండేది. గిల్లితే తెలుస్తుంది, నొప్పి మాత్రం రాదు.

ఆ ఎండాకాలంలో జూబ్లీ హిల్స్‌లో ఉండే ఒక నిర్మాతగారు మా ఆయన్ను పిలిపించారు. కృష్ణా జిల్లా మనిషి, చేపలంటే ప్రాణం. ఏదో సినిమాలో పాట కోసం చేయించిన చిన్న ఫైబర్ పడవ వాళ్ల కారు షెడ్డు పక్కన బోర్లా పడి ఉండేది. దాని మీద పనివాళ్లు తువ్వాళ్లు ఆరేసేవారు. నిర్మాతగారి బావమరిది సింగపూర్ నుంచి నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపించే మెషీన్ తెచ్చాడట.

"నువ్వు సౌండోడివి కదయ్యా, ఇదీ సౌండేనట. కాస్త బిగించి పెట్టు" అన్నారు నిర్మాతగారు.

ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చుంటున్నానని ఆ ఆదివారం మా ఆయన నన్ను కూడా తీసుకెళ్లారు. అట్టపెట్టెలో ఒక చిన్న తెర, ఒక తీగ, తీగ చివర సబ్బుబిళ్లంత నల్లటి ముక్క. దాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారని ఆయన చెప్పారు గానీ మా నోళ్లలో అది నల్లబిళ్లే అయింది. అది నీళ్లలోకి చప్పుడు పంపిస్తుంది. ఆ చప్పుడు అడుగుకో చేపకో తగిలి వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని తెర బొమ్మగా గీస్తుంది. ఆయన పుస్తకం చూస్తూ ఇదంతా వివరించారు. వింటుంటే నా పొట్ట మీద మళ్లీ చల్లగా తగిలినట్టయింది. ఇది అదే కదా అనుకున్నాను. ఆయనకూ తట్టే ఉంటుంది.

ఫైబర్ పడవకైతే చిల్లు పెట్టకుండా లోపలివైపు అడుగుకే బిళ్లను అంటించవచ్చని ఆ పుస్తకంలో ఉంది. అలాగే అంటించారు. కొబ్బరికాయ కొట్టకుండా బల్బు కూడా వెలిగించని సినిమావాళ్లం కాబట్టి నిర్మాతగారి భార్య నల్లబిళ్లకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. పడవను వ్యాన్ మీద వేసుకుని కొండల వెనక దుర్గం చెరువుకు వెళ్లాం. తెర మీద ఏమీ రాలేదు. మా ఆయన బిళ్లను ఊడబీకి ముందుకు అంటించారు. రాలేదు. మధ్యలో అంటించారు. రాలేదు. తర్వాతి ఆదివారం అడుగంతా గరుకు కాగితంతో రుద్ది, వెనక్కి అంటించారు. అప్పుడూ అంతే. నేను రాతి మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. కొంచెం పక్కకు, ఇంకాస్త కిందికి. ఆ మాటలు నాకు కొత్తవి కావు.

వ్యాన్ నడిపే డ్రైవర్ రహమత్‌నగర్ అతను. చిన్నప్పట్నుంచీ గాలం వేసిన చెయ్యి. రెండు ఆదివారాలు ఓపిగ్గా చూసి, ఇక ఆగలేక నోరు విప్పాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. గీ పడవ సెట్టింగోళ్లు చేసింది. మునగొద్దని రెండు పొరల నడుమ థర్మకోల్ నింపిండ్రు. గా షీట్లు నేనే మోసిన. థర్మకోల్ల నుంచి సప్పుడు ఎట్ల పోతది?"

మా ఆయన బిళ్ల పట్టుకుని అలాగే నిలబడిపోయారు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని డబ్బింగ్ థియేటర్ గోడలకు దగ్గరుండి థర్మకోల్ కొట్టించిన మనిషి! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని, అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. అంతకుముందు రోజుల్లో అయితే నవ్వి నవ్వి చచ్చేవాళ్లం.

మూడో ఆదివారం బిళ్లను పడవ బయట, మోటారు తగిలించే వెనక చెక్కకు బిగించారు. మోటారు పక్కనే పెట్టడంతో అది తిరగ్గానే నీళ్లు నురగలెత్తి తెర మీద పిచ్చిగీతలు వచ్చాయి. నురగలో గాలి ఉంటుంది, గాలిలో ఈ చప్పుడు నడవదు అన్నారు. నాలుగో ఆదివారం మోటారుకు దూరంగా, చెక్క రెండో చివర, పడవ అడుగు కంటే ఓ వేలెడు కిందికి దించి, తాపీమేస్త్రీ రసమట్టంతో చూసి మరీ బిళ్ల ముఖం నేరుగా కిందికి ఉండేలా బిగించారు. ఈసారి నన్నూ పడవలో కూర్చోబెట్టుకున్నారు. డ్రైవర్ మోటారు దగ్గర, ఆయన తెర దగ్గర, నేను మధ్యలో.

ఒడ్డు వదిలిన కాసేపటికి తెర మీద ఒక నల్లటి గీత వచ్చింది. మందంగా, తెగకుండా. అది చెరువు అడుగు. పడవ పోతున్నకొద్దీ గీత దిగింది, ఒక చోట గుట్టలా లేచింది, మళ్లీ దిగింది. నీళ్ల కింద బండరాళ్లున్నాయన్నమాట. ఆయన ముఖంలో వెలుగు చూసి ఎన్ని నెలలైందో. కానీ చేప గుర్తు ఒక్కటీ రాలేదు. చెరువు ఆ చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగాం. లేదు. ఇంకో చుట్టు తిరిగాం. లేదు. ఆయన స్క్రూడ్రైవర్ తీసి వెనక చెక్క మీదికి వంగారు.

"ఇంకో చోట పెట్టి చూద్దాం" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. చాన్నాళ్ల తర్వాత నాకేదో అనిపించిందంటే అదే. కానీ నాకంటే ముందు డ్రైవర్ అన్నాడు.

"ఎందుకు సార్, ఊకె జరుపుడు? అడుగు మంచిగ కనవడ్తున్నది. బండలు గిట్ల అన్ని కనవడ్తున్నయ్. బిళ్ల సక్కగ లేకుంటె గవి ఎట్ల కనవడ్తయ్? చాపల్లేవు, గంతే."

మా ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. డ్రైవర్‌కు మా సంగతి తెలియదు. చేపల సంగతే చెప్పాడు. నేను ఆయన వీపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన ఇటు తిరగకుండానే అడిగారు.

"తల కనిపించింది కదూ, ఆ రోజు?"

"కనిపించిందండీ."

"వెన్ను కూడా."

"వెన్ను కూడా."

స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నారు. నా ఎదురుగా వచ్చి కూర్చుని, నా ముఖం చూసి చెప్పారు.

"అయితే ఆవిడ సరిగ్గానే పెట్టింది. నువ్వు సంతకం పెట్టడం కూడా సరైనదే."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. థియేటర్లో ఏడ్చే ఏడుపు కాదు. ముక్కు కారుతూ, ఎక్కిళ్లతో ఊపిరందక, ఏ టేకులోనూ ఓకే కాని ఏడుపు. పాప జుట్టు గుర్తొచ్చింది. ఆయన తెర ఆపేసి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన చేతులకు ఇంకా గ్రీజు ఉంది.

డ్రైవర్ నాకు నీళ్లంటే భయమనుకున్నాడు. గబగబా పడవ తిప్పుతూ, "ఫికర్ చెయ్యకక్కా, ఒడ్డు గదే కనవడ్తున్నది" అన్నాడు.