ఆరో నంబర్ ఎర్ర బోయా

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు బీపీ చూపించమని చెప్పే మనిషిని నేను. ఇప్పటికీ అదే చెబుతాను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మా ఇల్లు లాలాపేట్‌లో. తార్నాక దాటి యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్లి, అక్కడ ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పనిచేస్తాను. రేవులోకి ఓడ నడపడం నేర్పే సిమ్యులేటర్ తయారుచేయడం మా పని. గోడంత తెర, దాని ముందు ఒక చిన్న చక్రం. చక్రం తిప్పితే తెర మీద ఓడ మళ్లుతుంది.

సముద్రంలో రోడ్డు కనబడదు. అందుకని లోతైన దారికి అటూ ఇటూ బోయాలు వేస్తారు. అడుగున పెద్ద దిమ్మ, దానికి గొలుసు, గొలుసుకు పైన తేలే గుర్తు. రేవులోకి వచ్చేటప్పుడు ఎర్రవి ఎడమకి, పచ్చవి కుడికి ఉండాలి. వాటి మధ్య నుంచి వస్తే ఓడకి భయం లేదు.

ఇది నాకు మొదట చెప్పింది మా అన్న ప్రభుదాస్. ఊళ్లో వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్న మనిషి, తూర్పు తీరంలో ఒక రేవుకి వెళ్లి పైలట్ బోటు నడిపాడు. బయట ఆగిన ఓడ దగ్గరికి, దాన్ని రేవులోకి నడిపించే పైలట్‌ను చేర్చి వచ్చే చిన్న బోటు అది. ఒకరోజు పొద్దున్నే మంచులో ఒక్కడే తిరిగొస్తుంటే బోటు రాళ్లకు కొట్టుకుంది. అన్న చనిపోయాడు.

బోయాలన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయని, బోటు నడిపినవాడే తాగి ఉన్నాడని రిపోర్టు రాశారు. మా అన్న మందు ముట్టడు. చర్చిలో ముందు వరుసలో కూర్చునే మా అమ్మ, ఆ రిపోర్టు తర్వాత వెనక చెప్పుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

చనిపోవడానికి రెండు రోజుల ముందు అన్న నాకు ఫోన్ చేశాడు.

"ఆరో నంబర్ బోయా దాని జాగ నుంచి జరిగిందే సునీతా. దిమ్మ పట్టు వదిలినట్టున్నది. మూర్తి సార్‌కు చెప్పిన, రేపే సరిజేయిస్తా అన్నడు."

బోయాల బాధ్యత ఆ మూర్తిదే. రిపోర్టు రాసిందీ ఆయనే. నా మాట ఎవరూ వినలేదు. మూడేళ్లు ఆ మనిషిని తిట్టుకోకుండా ఒక్కరోజు నిద్రపోలేదు.

పోయిన వానాకాలం మా ప్రొఫెసర్ మేడం చెప్పింది: "సునీతా, రిటైరైన పోర్టు ఆఫీసర్ ఒకాయన హబ్సిగూడలో ఉంటున్నడట. మన సిమ్యులేటర్ చూడనీకి వస్తున్నడు." పేరు అడిగితే మూర్తి అంది, ఆ మూర్తే. మేము సిమ్యులేటర్‌లో వేసుకున్న మ్యాప్ కూడా ఆ రేవుదే.

నేనెవరినో చెప్పలేదు. దాచకుండా ఒకటి ఒప్పుకుంటాను. ఆయన చక్రం పట్టుకోగానే తెర మీద మా అన్న ఫొటో రావాలని అనుకున్నాను. ఫొటో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కూడా వెళ్లాను. మేడం ప్రాజెక్టు పోతుందని భయపడి, బ్యాగులోంచి తీయలేదు.

పొద్దున పదకొండు గంటలు. గదిలో మేడం, నలుగురు విద్యార్థులు, నేను. మూర్తి నవ్వుతూ చక్రం ముందు కూర్చుని, ఎరుపు ఎడమకి, పచ్చ కుడికి అని పిల్లలకు చెబుతూ ఓడని లోపలికి తెచ్చాడు. ఎర్రవాటిలో రెండు, నాలుగు నంబర్లు దాటాయి.

ఆరో నంబర్ దాని చోట లేదు. దూరంగా ఎడమకి, రాళ్ల పక్కన తేలుతోంది. అందరం చూశాం.

మూర్తి నవ్వు ఆగిపోయింది. ఓడ ముక్కు మెల్లగా ఆ బోయా వైపు తిరుగుతోంది.

"చక్రం తిరగట్లేదు. ఎవరో పట్టుకున్నట్టుంది," అన్నాడు. రెండు చేతులతో కుడికి లాగుతున్నాడు. నరాలు ఉబ్బాయి. చక్రం ఎడమకే పోతోంది.

"దాన్ని అదే రోజు వెనక్కి లాగించాను కదా! మళ్లీ అక్కడికి ఎలా వచ్చింది?" అని అరిచాడు.

తెర మీద ఓడ రాళ్లను తాకి ఆగిపోయింది.

"ఏ రోజు సార్?" అని మేడం అడిగింది.

నేను ముందుకు వెళ్లి చక్రం మీద చెయ్యి వేశాను. సులువుగానే తిరిగింది. కానీ నా అరచేయి తడిసింది. నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంది. చెమట కూడా ఉప్పగానే ఉంటుంది, నాకు తెలుసు.

"పైలట్ బోటు ప్రభుదాస్ మా అన్న సార్," అన్నాను.

ఆయన నన్ను చూసి కుర్చీలోనే కుంగిపోయాడు. కాసేపటికి తనే కాగితం అడిగాడు. బోయా జరిగిందని తెలిసీ ఎవరినీ హెచ్చరించలేదని, ప్రమాదం జరిగిన రోజే దాన్ని వెనక్కి లాగించి, తాగాడని తప్పు రాశానని రెండు పేజీలు రాసి సంతకం పెట్టాడు. నాకు జాలి కలగలేదు. ప్రతి వాక్యం గట్టిగా చదివించి విన్నాను.

కొన్ని నెలల తర్వాత రేవు రికార్డులో ఆ తాగుడు మాట కొట్టేశారు.

నేనే ఏదో చేశానని విద్యార్థులు ఇప్పటికీ అనుకుంటారు. ఆ రోజే మేడం ముందు ఫైళ్లన్నీ తెరిచి చూపించాను. ఆరో నంబర్ ఎప్పుడూ ఉండే చోటే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. పైగా అది జరిగిందని మాత్రమే అన్న చెప్పాడు, ఎక్కడికి జరిగిందో చెప్పలేదు. తెలియని చోట నేనెలా పెడతాను?

ఈ మధ్య తార్నాక మెట్రో మెట్ల దగ్గర మూర్తి ఎదురయ్యాడు. బాగా చిక్కిపోయాడు. కారు అమ్మేశాడట. స్టీరింగ్ పట్టుకుంటే ఎడమకే లాగుతోందట, మెకానిక్‌లు ఏ లోపమూ లేదంటున్నారట.

"అంతా రాసిచ్చాను కదమ్మా. ఇంక ఆపమని మీ అన్నకి చెప్పు," అన్నాడు.

"నేనేం జెయ్యాలె సార్? బతికున్నప్పుడే మా అన్న నా మాట ఇనకపోతుండె," అని మెట్లెక్కి వచ్చేశాను.

ఆ చక్రాన్ని పట్టుకున్నదెవరో నాకు తెలియదు. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కానీ ఆ మాట అనేటప్పుడు, ఒకవేళ ఉంటే మాత్రం దానికి ఇంకా అలుపు రాకూడదని మనసులో కోరుకుంటాను.