రంగు మాత్రమే మారిన విండోస్

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డోన్ రైల్వే స్టేషన్ రోడ్డులో ఎరువుల అంగడి పై అంతస్తున ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. అందులో నేను పాఠాలు చెప్పేదాన్ని. అది మా వీధిలో ఉండే వ్యాపారుల ఇంటి అబ్బాయిది. నాకంటే బాగా పెద్దవాడు. చిన్నప్పటి నుంచి అన్నా అనే పిలిచేదాన్ని. నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. డిగ్రీ అయ్యాక ఇక చాలన్న మా నాన్న దగ్గరికి వచ్చి, "పాపను మా సెంటర్‌కు పంపించు చిన్నాయనా, నా చెల్లెలి మాదిరి చూసుకుంటా" అని ఒప్పించిందీ ఆయనే. చూసుకున్నాడు కూడా. కరెంటు పోయి క్లాసు ఆలస్యమైతే ఇంటిదాకా తోడు వచ్చేవాడు.

మా కంప్యూటర్లు బెంగళూరులో కొన్న పాతవి. వాటిలో ఉన్నది విండోస్ తొంభై ఎనిమిది. అప్పటికే కర్నూలులో కొత్త విండోస్ ఎక్స్‌పీ వచ్చేసిందని, ఉద్యోగాలకు అదే అడుగుతున్నారని పిల్లలు అనుకునేవాళ్లు. కొందరు బస్సెక్కి కర్నూలు సెంటర్లకు వెళ్లడం మొదలుపెట్టారు. అప్పుడు అన్న ఒక వారం సెంటర్ మూసేశాడు. కంప్యూటర్లన్నిటినీ కొత్త వెర్షన్‌కు మారుస్తున్నానని చెప్పాడు. సాయం చేస్తానంటే వద్దన్నాడు. "నువ్వు రెస్టు తీసుకోమ్మా, ఇది దుమ్ము పని" అన్నాడు.

తిరిగి తెరిచిన రోజు నాకు పండుగలా అనిపించింది. తెర మీద పచ్చటి కొండ, పైన నీలాకాశం, కింద మూలలో ఆకుపచ్చ స్టార్ట్ బటన్. పత్రికలో చూసిన బొమ్మ ఎలా ఉందో అలాగే ఉంది. కంప్యూటర్ ఆన్ చేస్తే మొదట వచ్చే బొమ్మ కూడా మారిపోయింది. కింద రోడ్డు మీద కొత్త బ్యానర్ కట్టారు. అన్న నాకు ఒక్క జాగ్రత్త చెప్పాడు: సెట్టింగులు మార్చే కంట్రోల్ ప్యానెల్‌కు తాళం వేశానని, పిల్లలు అందులో వేలు పెడితే మళ్లీ అన్నీ మొదటి నుంచి ఎక్కించాల్సి వస్తుందని. నాకది సబబుగానే తోచింది. మెనూలు పాతవాటిలాగే ఉన్నాయేమని అడిగితే, మన అలవాటు కోసం అలా పెట్టుకోవచ్చన్నాడు. నేను అంతకుముందు ఎక్స్‌పీని కళ్లతో చూసి ఎరగను. నమ్మాను. నమ్మడమే కాదు, ఫీజు కట్టడానికి వెనకాడే తల్లిదండ్రులతో నేనే మాట్లాడాను. మీ పిల్ల కర్నూలులో నేర్చుకునేదే ఈడా నేర్చుకుంటుందని ఎంతమందికి చెప్పానో.

అలా నా మాట మీద చేరిన వాళ్లలో ఊరి బయట నాపరాళ్ల గనుల్లో పనిచేసే ఆయన కూతురు ఒకతె. ఇంటర్ చదివింది. మాట తక్కువ, చెయ్యి వేగం. కోర్సు అయ్యాక కర్నూలులో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం కోసం పరీక్షకు వెళ్లింది. మరునాడు సాయంత్రం మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, నువ్వు చెప్పింది ఆడ లేదు" అంది.

ఏం జరిగిందో మెల్లగా రాబట్టాను. స్టార్ట్ నొక్కితే రెండు వరుసల మెనూ తెరుచుకుందట. అందులో తనకు తెలిసినదేదీ తెలిసిన చోట లేదట. తన పేరుతో కొత్తగా ఒక యూజర్‌ను పెట్టమంటే అర్థం కాలేదట. పరీక్ష పెట్టినాయన ఎక్స్‌పీ నేర్చుకున్నానని ఎందుకు రాశావని అడిగితే, నేర్చుకున్నాను సార్ అని వాదించిందట. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారట. అది చెప్పేటప్పుడు ఆమె నా ముఖంలోకి చూడలేదు.

ఆ పిల్ల కంగారులో తడబడిందేమోనని మొదట అనుకున్నాను. ఆ అనుమానం తీర్చుకోవడానికే మరునాడు కర్నూలు వెళ్లాను. బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని స్టార్ట్ నొక్కాను. రెండు వరుసలు. నేను పాఠంగా చెప్పినవేవీ అక్కడ లేవు. కంట్రోల్ ప్యానెల్ తెరిచాను, నాకు ఒక్క ముక్క కూడా తెలియలేదు. డోన్ తిరిగి వచ్చి నేరుగా సెంటర్‌కు వెళ్లాను. మై కంప్యూటర్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిచాను. అందులో తొంభై ఎనిమిది అని ఉంది. పక్కదాంట్లో చూశాను. అన్నిట్లోనూ అదే. పైన బొమ్మలు, రంగులు మాత్రం మార్చారు.

అన్న తన గదిలో ఉన్నాడు. అడిగాను. బుకాయించలేదు. ఈ పాత డబ్బాలు కొత్త విండోస్‌ను మోయలేవని, కొత్తవి కొనేదాకా ఎట్లో ఒకట్లా నెట్టుకు రావాలని, లోపల టైపింగ్, లెక్కలు అన్నీ ఒకటే గదా అని చెప్పుకొచ్చాడు. అదంతా విన్నాను. నాకు కావలసింది అది కాదు. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

ఆయన ఏదో మెచ్చుకుంటున్నట్టే అన్నాడు: "నీకు అబద్ధం చెప్పేదానికి రాదమ్మా. తెలిసింటే నీ మొగంలో కనపడతాది. నువ్వు చెప్తే జనం నమ్ముతారు. అందుకే చెప్పలే."

నన్ను నమ్మలేక దాచి ఉంటే ఏదోలా సర్దుకునేదాన్నేమో. నా మీద జనానికున్న నమ్మకాన్ని కొలిచి చూసి వాడుకున్నాడు. మా నాన్నను ఒప్పించిన రోజు నుంచి ఆయన చేసిన ప్రతి మంచినీ తిరగేసి చూసుకోవలసిన గతి పట్టించాడు. అది నన్ను ఎక్కువ బాధించింది.

మరునాడు క్లాసులో పిల్లలందరినీ దగ్గరికి పిలిచి ప్రాపర్టీస్ తెరిచి చూపించాను. ఇది ఎక్స్‌పీ కాదు, నాకు కూడా నిన్ననే తెలిసిందని చెప్పాను. కొందరు నమ్మారు. ఒకబ్బాయి మాత్రం, "నీకు తెలీకుండా యెట్లుంటాదిలే మేడం" అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సెంటర్‌లో అదే నా చివరి రోజు.

అన్న ఊళ్లో నా గురించి ఏం చెప్పాడో గాని, కడుపులో పెట్టుకుని చూసుకున్నవాడి సెంటర్ మూయించబోయానన్న మాట మా ఇంటిదాకా వచ్చింది. మా నాన్న నన్ను కూర్చోబెట్టి, ఆ పిల్లోడు మనకు శానా చేసినాడు, పోయి మాట్లాడి రమ్మన్నాడు. జరిగింది మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అంతా విని, "అయినా వాడు మనోడు గదమ్మా" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు మా నాన్నతో కూడా సరిగా మాట్లాడలేకపోయాను. నేను వెళ్లలేదు. సెంటర్ మాత్రం మూతపడలేదు. వేరే టీచర్ వచ్చింది. రెండేళ్లకు నిజంగానే కొత్త కంప్యూటర్లు కొన్నాడని విన్నాను.

నేను కర్నూలులో ఒక సెంటర్‌లో చేరి ఎక్స్‌పీ మొదటి నుంచి నేర్చుకున్నాను. తర్వాత ఆ గనుల ఆయన ఇంటికి వెళ్లి ఈసారి నిజంగా ఎక్స్‌పీ నేర్పుతాను, కూతురిని పంపమని అడిగాను. ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె ఆలోచించి సరేనంది. ఆదివారాలు కర్నూలు నెట్ సెంటర్‌లో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. నేను ఏది చూపించినా, చెయ్యి కదిపే ముందు ఆ పిల్ల ఒకసారి ఆగి, "ఇది నిజమైందేనా అక్కా?" అని అడిగేది. ఎగతాళికి కాదు, కోపంతోనూ కాదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగేది. అవునని చెప్పేదాన్ని. అయినా పక్క సీటులో ఉన్నవాళ్ల తెర వైపు కూడా ఒకసారి చూసుకుని, అప్పుడు నొక్కేది.

తర్వాతి ఏడాది ఆమెకు నంద్యాలలో ఒక మందుల ఏజెన్సీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. పిల్లల చదువుల గురించి, ఎండల గురించి మాట్లాడుకుంటాం. ఆ సెంటర్ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.