అమ్మోరి కొబ్బరినీళ్ళు

ఇక్కడ బర్మాలో, సంచౌంగ్ బజారులో వాన వెలిసిన పొద్దున ఎవరైనా లేత బోండాం చెక్కుతుంటే, ఆ పచ్చి పీచు వాసనకి నడుస్తున్నవాణ్ణి ఉన్నచోటే ఆగిపోతాను. వెనకవాళ్ళు నన్ను తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోతారు.

ఆ వాసనతో పాటే చిమిండైంగ్‌లో ఏటి ఒడ్డున మా సందు, తెలుగు నేల నుంచి వలసొచ్చి ఓడరేవులో మూటలు మోసిన మా తాతల నాటి చెక్క ఇళ్ళు, చూరు నుంచి ఆగకుండా కారే వాన గుర్తుకొస్తాయి. సర్కారు మీద తిరగబడ్డ జనం ఊరేగింపులతో ఊరంతా అట్టుడికిపోయిన వానాకాలం అది. పెద్దవాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు గాని, బడులు మూసేసిన ఆ రోజులంత పండగ మాకు మళ్ళీ రాలేదు. మోకాలిలోతు నీళ్ళలో కాగితం పడవలు వదిలి, అరటాకు జెండాలు పట్టుకుని సందు పొడుగునా మేమూ ఊరేగి, బర్మావాళ్ళ పిల్లలు తెలుగులోనూ మేము బర్మా భాషలోనూ తిట్టుకుని, ఆకలేస్తే ఎవరింట్లో కుండ దిగితే అక్కడ చతికిలబడేవాళ్ళం.

ఆ సంబరంలో మా రెండేళ్ళ చెల్లి పైడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. దేశంలోకి బయటి సరుకు సర్కారు రానివ్వక మందులు దొంగబజారులోనే దొరికేవి, ఆ గొడవల్లో అదీ మూతపడింది. పిల్లని భుజాన వేసుకుని ఆసుపత్రికి బయల్దేరిన నాన్న, సిపాయిలు దారి మూసేశారని తిరిగొచ్చాడు. నాన్న తల్లి, మా మామ్మకి తెలిసిన వైద్యం లంఖణం ఒక్కటే. చుక్క నీరు పోసినా కడుపు ఇంకా జారుతుందని మంచం దగ్గర కాపలా కూర్చుంది. సాయంత్రానికి పైడి ఏడవడం కూడా మానేసింది. కళ్ళు గుంటలు పడ్డాయి. నాకు చెప్పలేనంత భయమేసింది.

తన పిల్లలకి ఇలాగే వస్తే కొబ్బరినీళ్ళూ ఉప్పుగంజీ పట్టి బతికించుకున్న పక్కింటి బర్మా ఆవిడ డో మ్యా, బోండాం కొట్టించి తెచ్చింది. మామ్మ గుమ్మం దాటనివ్వలేదు. అమ్మ ఎదురు చెప్పకుండా ఆ బోండాం అందుకుని, మా అమ్మోరు పోలమ్మ పటం ముందు పెట్టి, పసుపు రాసి, దండం పెట్టి, ఆ నీళ్ళు గ్లాసులో వంచుకుని వచ్చింది.

"అత్తా, అమ్మోరి పెసాదం. ఒద్దంటావేటి?"

ప్రసాదాన్ని కాదనే మనిషి కాదు మామ్మ. కళ్ళకద్దుకుని తనే చెంచాతో పోసింది. అది మొదలు పోలమ్మకి అన్నీ నైవేద్యాలే: కాసేపు కొబ్బరినీళ్ళు, కాసేపు ఉప్పేసిన పల్చటి గంజి. సందులో పిల్లలందరం వంతులేసుకుని గంట కొడుతూ, వంటింటి నుంచి పటం దాకా, పటం నుంచి మంచం దాకా ఊరేగాం. మర్నాడు పైడి, ఆగిపోయిన ఉచ్చ మళ్ళీ పోసి, మామ్మ ఒళ్ళో చీరంతా తడిపేసింది. అంత ఆనందంగా చీర పిండుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

పిండుతూనే అమ్మతో మెల్లగా అంది: "నానేటి ఎర్రిదాన్నా నరసా? ఏ అమ్మోరు ఉప్పుగంజి అడిగిందే? పిల్ల కళ్ళు సూసేక నాకూ బయమేసింది. ఒద్దన్న నోటితో పొయ్యమని ఎలగంటాను?"

అమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఆ సందు లేదు, చెక్క ఇళ్ళ చోట మేడలు లేచాయి. మామ్మా లేదు, డో మ్యా లేదు. పోలమ్మ పటం ఎవరింటికి చేరిందో తెలియదు. పైడి ఊరవతల తన్లిన్‌లో ఉంటోంది. దాని పిల్లలు మా తెలుగు విని బర్మా భాషలో జవాబిస్తారు. ఆదివారం బస్సెక్కి వెళ్తే, ఆలస్యమయిందని వీధిలోకి వినబడేలా నాతో పోట్లాడుతుంది. ఆ గొంతు వినడానికే కావాలని ఆలస్యంగా వెళ్తానని దానికింకా చెప్పలేదు.