టరాంటులా ఆట

ఆ రోజుల్లో మాకు చావంటే భయమే గానీ, పెద్దవాళ్ళ మాట కాదనడమంటే అంతకన్నా భయం. రెండో ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. ఐరాల బడిలో నాకు కొత్తగా పంతులుద్యోగం, మకాం మేనమామ ఇంట్లో. సైన్యంలో చేరి ఇటలీ దాకా వెళ్ళొచ్చినందుకు ఊరంతా ఆయన్ని పట్టాళం మామ అనేవాళ్ళు. ఒకనాడు నేను చిత్తూరు నుంచి తిరిగొస్తుంటే బొగ్గుతో నడిచే బస్సు దారిలో మొరాయించింది. మిగిలిన దూరమంతా ఎండలో నడిచి, ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుందామని కట్టెల కుప్ప పక్కన నిలబడ్డాను. పాదం మీద చురుక్కుమంది. చూస్తే అరచేయంత సాలెపురుగు, ఒళ్ళంతా బొచ్చు!

నా కేకకు మామ పరిగెత్తుకొచ్చాడు. "టరాంటులా రా అల్లుడా! ఇటలీలో టరాంటో అని ఊరుండాది. మేము ఓడ దిగింది ఆడనే. ఆ ఊరి పేరే దీనికి పెట్టినారు. ఇది కరిస్తే చిందేసి ఆడాల. చెమటతో విషమంతా దిగేదాకా ఆడాల. ఆపితే పోతావు!"

(అట్లా ఆడి బతికినవాణ్ణి నువ్వు చూసినావా మామా అని అడగాలని తోచలేదు. ప్రాణం మీదికొస్తే ప్రశ్నలు తోచవు.)

ఆడాను. అత్త ఏడుస్తూనే ఇత్తడి పళ్ళెం వాయించింది. మామ చప్పట్లు కొట్టాడు. నా శిష్యులంతా గోడెక్కి కూర్చున్నారు. నడిచి నడిచి కాళ్ళు అప్పటికే కొయ్యబారాయి. "మామా, నా వల్ల కాదు, పోతే పోతాను" అన్నాను.

"నోరు మూసుకోని ఎగురు రా! మీ అమ్మకు నేనేం జవాబు సెప్పేది?"

ఎగిరాను. మడమ మడతపడి కట్టెల మీద కూలబడ్డాను.

మర్నాడు పుత్తూరు తీసుకెళ్ళారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన, "ఎట్లా ఇరిగిందబ్బా?" అన్నాడు.

"ఆడినాను."

"ఏం ఆట?"

మామే అందుకున్నాడు: "విషప్పురుగు కరిసినాదప్పా. ఆడినాడు కాబట్టే బతికినాడు!" కరిచినచోట దోమ కుట్టినంత మచ్చ కూడా మిగల్లేదు. దాన్నీ ఆయన తన వైద్యం ఖాతాలోనే వేసుకున్నాడు.

తిరుగు బస్సులో మామ ముందు సీట్లో కునుకు తీస్తుంటే, అత్త నా చెవిలో మెల్లగా అంది: "నొప్పిగా ఉండాదా నాయనా? ఏమనుకోవద్దు. పట్టాళం నుంచి వచ్చినాక మీ మామ నవ్వింది నిన్న నువ్వు ఆడినప్పుడే."

చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో చదివాను. టరాంటో సాలెపురుగు వేరట, మనది వేరట. రెండూ మనిషిని చంపవట. నవ్వొచ్చింది. చెబుదామంటే మామ లేడు. ఇప్పుడు మేడమెట్లు నాలుగెక్కితే ఆయాసం. అయినా ఆయన వచ్చి చప్పట్లు కొడితే, ఇంకోసారి ఆడేవాణ్ణే.