కళ్ళను నమ్మని డబ్బా మాస్టారు

డబ్బా మాస్టారికి కళ్ళ మీద నమ్మకం లేదు. మీ కళ్ళ మీదా లేదు, భార్య కళ్ళ మీదా లేదు, సొంత కళ్ళ మీద అసలే లేదు. ల్యాబ్‌లో ఎవరైనా తీగకి ఏదో లవణం అంటించి, మంటలో పెట్టి, "ఆహా, ఆకుపచ్చ!" అన్నారో, అయిపోయారన్నమాటే. "కన్ను కోతలు కోస్తుంది నాయనా, డబ్బాలోంచి చూడు!" అంటూ మీద పడిపోయేవారు.

డబ్బా అంటే చెప్పుల డబ్బాయే. ఒక పక్క సన్నటి చీలిక, లోపల పాత సీడీ ముక్క. మంట వెలుగు అందులో గీతలుగా విడిపోతుంది. ఏ లోహం గీతలు ఆ లోహం చోటే పడతాయి, ఇంకోదాని చోటికి పొమ్మన్నా పోవు.

ల్యాబ్‌లో అయితే సరే. ఇంట్లో పాలు పొంగి స్టవ్ మంట పసుపురంగుకి తిరిగితే భార్య, "ఏవండీ, కట్టెయ్యండీ!" అని కేకేసేది.

"ఉండవే! సోడియం గీత ఎంత ముద్దొస్తోందో!"

"గీతలో పాలు పోసి కాఫీ ఇస్తాను, తాగుదురుగాని!"

మంగలి షాపులో సగం గడ్డంతో లేచి ట్యూబ్‌లైట్‌ని డబ్బాలోంచి చూస్తే, మంగలి కత్తి పట్టుకుని వెనకే తిరిగాడట. కాలేజీ అంతా నవ్వుకుంది. ఆ ఏడే చేరిన కుర్ర లెక్చరర్, అందరూ చిన్న మాస్టారు అనే అతను, మాత్రం నవ్వేవాడు కాదు. అతనికి గుండెల్లో రాయి పడి ఉంది.

అతని కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. స్ట్రాన్షియం ఎర్రగా మండుతుందనీ, బేరియం ఆకుపచ్చగా మండుతుందనీ పుస్తకంలో చదివి పాఠం చెప్పేవాడు. మంటలో మాత్రం రెండూ ఒకే మట్టిరంగు. ఈ సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుందని హడలిపోయేవాడు. ఉద్యోగం ఖాయం చేసేముందు ప్రిన్సిపాల్ వచ్చి క్లాసులో కూర్చుంటారన్నారు.

కూర్చోవడంతో ఊరుకున్నారా? చీటీ లేని సీసా ఒకటి తెచ్చి, "ఇదేమిటో చెప్పండి చూద్దాం" అన్నారు.

చిన్న మాస్టారు తీగ మంటలో పెట్టాడు. మట్టిరంగు. పిల్లలంతా అతని మొహమే చూస్తున్నారు. బల్ల మీద ఎప్పట్లాగే డబ్బా మాస్టారి డబ్బా ఒకటి పడి ఉంది. తీసి కంటికి ఆనించాడు. గీతలు ఒక కొసన గుంపుగా ఉన్నాయి, అవతలి కొసన నీలం గీత ఒంటరిగా నిలబడింది. డబ్బా మాస్టారు అందరి వెంటా పడి చూపించిన వరసే.

"స్ట్రాన్షియం!"

"కరెక్టే. ఇంత ఎర్రటి మంటకి డబ్బా ఎందుకండీ?"

చిన్న మాస్టారు ఇంక దాచి లాభం లేదనుకున్నాడు. "నాకు ఎరుపు తెలియదు సార్. గీతల చోటు తెలుసు."

ప్రిన్సిపాల్ డబ్బా తీసుకుని చాలాసేపు చూశారు. "మా మాస్టార్లు రంగు చూసి నా ఎదుటే పోట్లాడుకుంటారు. ఈ గీతలతో పోట్లాట ఎక్కడిది? రేపట్నుంచి పిల్లలందరికీ ఇదే నేర్పండి. మీ ఉద్యోగం ఖాయం" అన్నారు.

సాయంత్రం చిన్న మాస్టారు పరుగున డబ్బా మాస్టారి ఇంటికెళ్ళాడు. తలుపు తీసిన ఆయన భార్యతో సంగతంతా చెప్పి, "మాస్టారి డబ్బా పిచ్చే నన్ను గట్టెక్కించింది పిన్నిగారూ" అన్నాడు.

"ఆ పిచ్చి నువ్వు చేరాకే పట్టుకుంది నాయనా! అంతకుముందు రంగు మంట కనబడితే చిన్నపిల్లాడిలా గంతులేసేవారు."

చిన్న మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల డబ్బా మాస్టారు దొరికిపోయిన దొంగలా మొహం పెట్టారు.

"మాస్టారూ, మీకు ముందే తెలుసా?"

"వచ్చిన వారానికే మంట చూసి బేరియం సీసాకి స్ట్రాన్షియం చీటీ అంటించావు కదయ్యా!"

"మరి నాకొక్కడికే ఇవ్వచ్చుగా?"

"నీకొక్కడికే ఇస్తే వాడికెందుకని అడుగుతారు. అందరికీ అంటగడితే నాకు పిచ్చంటారు. మంట చూసి గంతులేసే నాకా పేరు ఇదివరకే ఉంది, పోయేదేముంది?"

చిన్న మాస్టారికి కళ్ళు చెమర్చాయి. లోపలికొచ్చి ఆయన చేతిలోని డబ్బా లాక్కుని, ఆయన ఇంట్లో ప్రయోగాలు చేసుకునే బల్ల మీది స్పిరిట్ దీపం వెలిగించి, పక్కనున్న స్ట్రాన్షియం సీసాలోంచి కొంచెం తీగ కొసకి అంటించి మంటలో పెట్టాడు. "ఇవాళ ఉత్త కళ్ళతో చూడండి. ఎరుపంటే ఎలా ఉంటుందో నాకు చెప్పండి."

డబ్బా మాస్టారు మంటకేసి చూసి చూసి, మొహమంతా వెలిగిపోతుంటే అన్నారు: "ఎలా చెప్పనురా? మీ పిన్నిగారికి కోపం వచ్చినప్పుడు ముక్కు ఉంటుందే..."

"వినబడుతోంది!" అని వంటింట్లోంచి కేక వచ్చింది.

"అదీ, సరిగ్గా ఆ రంగే!"