తేనెరంగు తెర మీద నా పేరు

మొన్న అటక మీది పాత స్టెబిలైజర్ దించి స్విచ్ వేస్తే, వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. అంతే, నేను మళ్లీ హిందీ రాష్ట్రంలోని ఆ ఉక్కు ఊళ్లో, సెక్టర్ 6లో పెదనాన్నగారి క్వార్టర్లో, తడిసిన వట్టివేళ్ల కూలర్ గాలిలో, చేగోడీలు తిన్న చేతులు కడుక్కుని గౌనుకు తుడుచుకుంటూ, కంప్యూటరు మీది కుట్టుపూల గుడ్డ ఎప్పుడు తీస్తారా అని నిలబడి ఉన్నాను. తొంభైల మొదట్లో ఆ వీధి మొత్తానికి అదొక్కటే కంప్యూటరు. దాని తెరకు తెలిసింది తేనెరంగు ఒక్కటే. ఊళ్లో చేతులు మారే ఆటలేమో రంగుల తెర కోసం చేసినవి. మా దాంట్లో పెడితే ఒక్క కూత కూసి ఆగిపోయేవి.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది: నడిచే ఆట ఎవరు తెస్తే మొదటి వంతు వాళ్లది. ఫ్లాపీలిచ్చే స్నేహితులు నాకు లేరు గనుక, వేసవి సెలవులన్నీ పెదనాన్న కొడుకు గోపన్నయ్య కుర్చీ వెనక నిలబడే గడిపాను.

ఒకరోజు అతని స్నేహితుడు పప్పూ ఖుర్సీపార్ నుంచి సైకిలు తొక్కుకుంటూ కారు పందెం ఆట తెచ్చాడు. అది నడిచింది! ఆ ఫ్లాపీలో ఆటతో పాటు ఒక బుల్లి ప్రోగ్రాం ఉంది. ముందు దాన్ని నడిపితే, అది కంప్యూటరు లోపలే కూర్చుని, రంగుల బొమ్మల్ని మా తెరకు పనికొచ్చేలా మార్చేది. అది ఆ ఒక్క ఆటకే చెందిందని వాళ్లిద్దరి నమ్మకం. లోపలే కూర్చున్నది మిగతా ఆటలకు మాత్రం ఎందుకు పనిచెయ్యదని నా అనుమానం.

"అన్నయ్యా, దాన్నలాగే ఉంచి, ఆ నడవని విమానం ఆట పెట్టు."

"నీకేటి తెల్సే? చుప్ రహ్," అన్నాడు గోపన్నయ్య.

వాళ్లు మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్లగానే నేనే పెట్టేశాను. తెర నల్లబడింది, మినుకుమంది, విమానం లేచింది! నా కేకకు పెద్దమ్మ అట్లకాడతో సహా పరిగెత్తుకొచ్చింది. మూలన పడ్డ ఆటలన్నీ ఒకదాని వెనక ఒకటి బతికాయి. నేను కుర్చీలో కూర్చోబోయాను.

"లెగు లెగు. ఫ్లాపీ తెచ్చినోడు పప్పూ కదేటి! నువ్వేటి తెచ్చావు?"

"బుర్ర తెచ్చాను," అన్నాను. ఇద్దరూ పగలబడి నవ్వారు.

మర్నాడు వాళ్లు క్రికెట్‌కు వెళ్లినప్పుడు నా పని నేను చేసుకున్నాను. కంప్యూటరు లేవగానే తనంతట తాను చదువుకునే ఫైలు ఒకటుందని బడిలో చెప్పారు. అందులో ఆ బుల్లి ప్రోగ్రాం పేరు ఒక వరుసలో రాసి, దాని కింద "ఇది నడిపించింది రమణి" అని ఇంగ్లీషు అక్షరాల్లో కనబడేలా ఇంకో వరుస రాశాను. ఇక ఆట ఏదైనా ముందు నా పేరే. దాన్ని ముట్టుకుంటే ఆటలు పోతాయేమోనని వాళ్లకు భయం. అందుకే అడిగినవాళ్లందరికీ ఆ బుల్లి ప్రోగ్రాంతో పాటు ఆ ఫైలు కూడా ఉన్నదున్నట్టు కాపీ చేసి పంచారు.

ఆ దీపావళికి వైశాలి నగర్‌లో నాన్న స్నేహితుడి ఇంటికి వెళ్లాం. నేనెప్పుడూ చూడని కంప్యూటరును వాళ్లబ్బాయి ఆన్ చేశాడు. తెర మీద నా పేరు! "ఆ రమణిని నేనే!" అని అరిచాను.

"జా దీదీ! రమణి భయ్యా కాలేజీలో చదువుతాడంట," అన్నాడు వాడు.

ఇప్పుడు ఫోన్లు మనం నిద్రపోతుండగానే తమను తాము బాగుచేసుకుంటున్నాయి. ఎవరు బాగుచేశారో ఎక్కడా పేరుండదు. సైకిలు మీద ఆట రావడం లేదు, మనిషి నుంచి మనిషికి మరమ్మతు అందడం లేదు. గోపన్నయ్య మాత్రం ప్రతి పెళ్లిలోనూ "మా ఇంట్లో నడవని ఆట లేదు" అంటాడు. ఎలా నడిచాయో చెప్పడు. పక్కనే కూర్చుని నేను చెబుతాను, ప్రతిసారీ, మొదటి నుంచీ. నా మొదటి వంతు నాకిప్పటికీ రాలేదు. ఇద్దామన్నా ఆ కుర్చీ ఇప్పుడు లేదు.