నేను దాటేసిన మాట

నాకు అక్షరాలు వచ్చేనాటికి జుట్టంతా తెల్లబడింది. ముందు మరాఠీ అక్షరాలు వచ్చాయి. ముంబై కామాటిపురలో, గదికో సంసారం ఉండే మా చాల్ కింది గదిలో మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు క్లాసు పెట్టారు. పదకొండు మంది చేరితే చివరికి నలుగురం మిగిలాం. తెలుగు అక్షరాలు ఆ తర్వాత కోడలు దగ్గర నేర్చుకున్నాను. కోడలు నేర్పడానికి ఒక కారణం ఉంది. అది నా తప్పు.

క్లాసులో టీచరమ్మ ఒక ఉపాయం చెప్పింది. చదువుతుంటే కష్టమైన మాట తగిలిందనుకోండి, అక్కడే కూర్చోవద్దు, దాటేసి ముందుకు పోండి, అర్థం దానంతట అదే వస్తుంది అని. మాలాంటి ముసలివాళ్ళు భయపడి పుస్తకం మూసేయకుండా చెప్పిన మాట అది. దుకాణాల బోర్డులకు, బస్సుల మీది ఊర్ల పేర్లకు ఆ ఉపాయం సరిపోయింది. జోడక్షరం, అదే ఒత్తక్షరం, కనిపిస్తే దాటేసేదాన్ని. దాటేసినందుకు ఎప్పుడూ నష్టం రాలేదు.

మా కోడలిది మహబూబ్‌నగర్ వైపు పల్లె. తెలుగులో ఇంటర్ చదివింది. పెళ్ళయి ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళు. హిందీ మాట్లాడుతుంది, మరాఠీ సగం సగం అర్థమవుతుంది, చదవడం రాదు. వచ్చిన రెండో ఏట మూడో నెలలో కడుపు పోయింది. ఆ వానాకాలంలోనే ఫోరస్ రోడ్డులో ఒక దుకాణం మెట్ల కింద నుంచి పిల్లికూనను కొంగులో వేసుకుని వచ్చింది. గదిలో నేను, కొడుకు, నువ్వు, ముగ్గురం పడుకోవడానికే చోటు లేదు, ఇదెక్కడ పడుకుంటుందే అన్నాను. "నా మీద పడుకుంటదత్తమ్మా" అంది. అలాగే పడుకుంది.

దాన్ని గడప దాటనిచ్చేది కాదు. మాది మూడో అంతస్తు. కింద కుక్కలున్నాయని భయం. అన్నంలో ఉడకబెట్టిన చేప కలిపి పెట్టేది. దాని దొడ్డికి నా ఇనుప తట్ట ఇచ్చాను. నేను మోసిన తట్ట అది. బిల్డింగుల మీద ముప్పై ఏళ్ళు ఇసుక జల్లించి, తట్టకెత్తుకుని, వెదురు నిచ్చెనలెక్కి మేస్త్రీకి అందించాను. ఇప్పుడు అందులో ఇసుక పోసి మూల పెడితే పిల్లి వాడుకుంటుంది. రోజూ ఆ ఇసుక ఎత్తేది కోడలే. నేనెందుకు ఎత్తుతాను, ఇసుకతో నా పని అయిపోయింది అనుకునేదాన్ని.

కోడలు మళ్ళీ నెల తప్పింది. మూడో నెల దాటింది. అప్పటిదాకా ఇంట్లో ఎవరం ఆ మాట పైకి అనలేదు. నాలుగో నెల మొదట్లో సర్కారీ దవాఖానకు తీసుకుపోయాను. రక్తం తీశారు. ఇంట్లో జంతువులున్నాయా అని నర్సు అడిగింది. పిల్లి ఉందని కోడలు చెప్పింది. నర్సు ఒక మరాఠీ అచ్చు కాగితం చేతిలో పెట్టి ఇంకొకరిని పిలిచింది. కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి నాకిచ్చింది.

"నువ్వు చదువు అత్తమ్మా. నాకు రాదు గదా."

బయట బెంచీ మీద కూర్చుని వేలు పెట్టి చదివాను. చుట్టుపక్కల జనం ఉన్నారు. ముసలామె చదువుతోందని ఒకరిద్దరు చూశారు కూడా. మొదటి వరుసలో ఇలా ఉంది: "మాంజరాచీ విష్ఠా హాతాళూ నకా." మాంజర్ అంటే పిల్లి. హాతాళూ నకా అంటే ముట్టుకోకండి. మధ్యలో ఉన్న మాటకు ముందర 'వి' తెలిసింది, తర్వాతిది ముడిపడిన దారంలా ఉంది. దవాఖాన మాట ఏదో అనుకున్నాను. దాటేశాను. అర్థం దానంతట అదే వచ్చింది. పిల్లిని ముట్టుకోకండి.

కింద ఇంకా నాలుగు వరుసలు ఉన్నాయి. ముఖ్యమైంది దొరికాక మిగిలింది ఎందుకని కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే చెప్పాను. "పిల్లి పోవాలె. వర్లిల మా చెల్లె దగ్గర ఇడిసొస్త."

"డాక్టరమ్మ నోటితోని అన్నదా?"

"రాసుంది."

జీవితమంతా ఈ మాట నా మీద వాడారు. రేషన్ ఆఫీసులో, పని దగ్గర కూలీల మీద పెద్ద ముకద్దం, బ్యాంకులో గుమాస్తా. ఏది అడిగినా రాసుంది అనేవాళ్ళు. దానికి ఎదురు జవాబు ఉండదు. నేను ఆ మాట ఇంకొకరి మీద వాడడం అదే మొదలు. బాగానే పనిచేసింది. కోడలు పిల్లి గిన్నె కడగడానికి లేచింది.

సాయంత్రం కొడుకు వచ్చాక వాడి ముందు కూడా కాగితం ఊపాను. వాడు మునిసిపాలిటీ బడిలో మరాఠీ చదివినవాడు. చేయి చాపి తీసుకుంటే అప్పుడే తెలిసిపోయేది. ఫోన్ చూసుకుంటూ అన్నాడు, "నువ్వు చదివినవ్ గదా అమ్మా, బస్. నాకు గా పిల్లి తోని మొదటి సంది పరేశానే."

"నీకు పరేశాన్ అయితె నువ్వు పో వర్లికి. పిల్లి ఉంటది" అంది కోడలు. వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

వర్లిలో చాల్లో మా చెల్లె ఉంటుంది. మర్నాడు పిల్లిని కూరగాయల సంచిలో వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా అది అరుస్తూనే ఉంది. కండక్టరు చూసి చూడనట్టు పోయాడు. మా చెల్లె గది కింది అంతస్తులోనే. తలుపు పొద్దస్తమానం తెరిచే ఉంటుంది. "నాకెందుకక్కా గిది? సరేలే, ఎలుకలన్నా పడతది" అంది.

ఆ మూడు వారాలు కోడలు నాతో అవసరమైనంతే మాట్లాడింది. ఉప్పు అయిపోయింది. గ్యాసు వచ్చింది. అంతే. నేను పట్టించుకోలేదు. ముఖం ఎలా పెట్టుకున్నా బిడ్డ నిలబడాలి, అది చాలు. బలానికని వారానికి మూడుసార్లు మేక కార్జం తెచ్చేదాన్ని. మావాళ్ళు కార్జాన్ని ఎక్కువ కాల్చరు. ఎక్కువ కాలిస్తే రక్తం ఆవిరైపోయి బలం పోతుందని మా అత్త చెప్పేది. మంట మీద అటూ ఇటూ చూపించి, ఉప్పూ కారం రాసి, లోపల ఎర్రగా ఉండగానే ఎదురుగా నిలబడి తినిపించాను.

"వాసనొస్తుందత్తమ్మా."

"ముక్కు మూసుకుని తిను. నీ కోసం కాదు."

మూడు వారాలకు మళ్ళీ దవాఖానకు పోయాం. ఈసారి డాక్టరమ్మ చూసింది. చిన్న పిల్ల, నా కోడలి వయసే ఉంటుంది, నన్ను ఆజీ, అంటే అవ్వ, అని పిలిచింది. ఆమె మరాఠీలో అన్నవి నాకు గుర్తున్నంత తెలుగులో రాస్తున్నాను. రక్తం రిపోర్టు చూసి, పిల్లుల నుంచి వచ్చే జబ్బు ఒకటి ఉంది, అది మీ కోడలికి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు అంది.

"మంచిదే గదా" అన్నాను.

"సగం మంచిది ఆజీ. ముందే వచ్చిపోయి ఉంటే ఒంటికి దాన్ని ఆపడం తెలిసేది. రాలేదు కాబట్టి ఈ నెలల్లో రాకూడదు. ఇప్పుడు కొత్తగా వస్తే బిడ్డకు తగలొచ్చు. పిల్లి దొడ్డి ఎవరు ఎత్తుతున్నారు?"

"పిల్లే లేదు. పంపేసినం. మీ కాగితంల రాసుంది గదా."

జాకెట్లో నుంచి తీసిచ్చాను. చెమటకు మెత్తబడింది. ఆమె మొదటి వరుస చదివి, నా వైపు చూసి, మళ్ళీ పైకి చదివింది. మాంజరాచీ విష్ఠా. నేను దాటేసిన మాట దగ్గర ఆగి, మెల్లగా చెప్పింది. "విష్ఠా అంటే దాని మలం ఆజీ. ముట్టుకోవద్దన్నది దాన్ని. పిల్లిని కాదు."

కోడలికి ఆ మరాఠీ మాట వెంటనే అర్థమైంది. తెలుగులోనూ అదే మాట. ఆమె నా వైపు చూడలేదు. అదే ఎక్కువ తగిలింది.

డాక్టరమ్మ కింది వరుసలు కూడా చదివింది. సగం ఉడికిన మాంసం తినవద్దు. పచ్చి మాంసం ముట్టిన చేయి, కత్తి, కోసే పలక సబ్బుతో కడగాలి. ఆకుకూరలు, పచ్చివి తినేవి బాగా కడగాలి. మట్టిలో, ఇసుకలో చేతులు పెట్టవద్దు.

"మాంసం బాగా ఉడికించే పెడుతున్నారు కదా?"

నేను అబద్ధాలు చెప్పను. నోటికి వచ్చింది అంటాను, అది నిజమే అవుతుంది. కార్జం సంగతి చెప్పాను. ఎన్నిసార్లో, ఎంత ఎర్రగానో కూడా చెప్పాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. గర్భంతో ఉన్నప్పుడు కార్జం అసలు అన్నిసార్లు తినకూడదు, సగం పచ్చిగా ఎప్పుడూ తినకూడదు అంది. మూడు వారాల తర్వాత మళ్ళీ రక్తం తీస్తాను, అప్పుడుగానీ చెప్పలేను అంది. ఇంటి నాలుగు గోడల మధ్య ఉడికిన తిండి తిన్న పిల్లితో వచ్చే భయం కంటే ఇదే పెద్ద భయమని కూడా అంది. అరిచినా బాగుండేది. అరవలేదు.

అప్పుడు కోడలు హిందీలో అడిగింది. "పిల్లిని తెచ్చుకోవచ్చా?"

"ఇప్పుడెక్కడుంది? బయట తిరుగుతోందా? ఎలుకల్ని పడుతోందా?"

ఆ రెంటికీ నేనే అవునన్నాను. అయితే ఇప్పుడే దానికి ఆ జబ్బు అంటుకుని ఉండొచ్చు అంది డాక్టరమ్మ. అంటుకున్న పిల్లి కొన్ని వారాలపాటే మలంలో దాన్ని వదులుతుందట. వదిలిన వెంటనే అది ఎవరికీ అంటదు, పండడానికి ఒకరోజు దాటాలి. అందుకే ఏ రోజుది ఆ రోజే ఎత్తేయాలి. గర్భంతో ఉన్నామె ఎత్తకూడదు. ఎత్తక తప్పకపోతే చేతి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. పిల్లిని మళ్ళీ బయటికి వదలకూడదు, పచ్చిది పెట్టకూడదు, ఇంకో కొత్త కూనను తేకూడదు. నిమిరితే నిమరండి, తినే ముందు చేతులు కడుక్కోండి అంది. చివరికి అడిగింది, "రోజూ తప్పకుండా ఎత్తేవాళ్ళు ఇంట్లో ఉన్నారా? లేకపోతే అక్కడే ఉంచండి."

కోడలు నేల చూసింది. మా కొడుకు ఎత్తడని ఇద్దరికీ తెలుసు.

"నేనెత్తుత" అన్నాను. "ఇసుక జల్లించుట్ల నన్ను మించినోళ్ళు ఈ ముంబైల లేరు."

మర్నాడు అదే సంచి, అదే బస్సు. మా చెల్లె పిల్లిని అప్పజెబుతూ, "మూడు ఎలుకల్ని పట్టిందక్కా, మంచి పనిమంతురాలు" అంది. ఎప్పుడు పట్టిందని అడిగాను. మొన్న అంది. దారంతా దాని మెడ పట్టుకుని కూర్చున్నాను.

తట్టను గదిలో నుంచి తీసి, గది ముందరి గ్యాలరీలో నేను పడుకునే పరుపు పక్కకు మార్చి, పిల్లి దూరిపోకుండా కటకటాలకు జాలీ కట్టించాను. పొద్దున లేవగానే మొదట అదే పని. పాత పని గుర్తొచ్చేది. సైట్ల మీద ఇసుక కుప్పల్లో పిల్లులు దొడ్డికి కూర్చునేవి. జల్లెట్లో రాళ్ళతో పాటు అవీ తగిలేవి. చేత్తో ఏరి పక్కకు విసిరేదాన్ని. బకెట్లో చేయి ముంచి ఆ చేత్తోనే రొట్టె తినేదాన్ని. కడుపుతో ఉండి కూడా అంతే. నలుగురిని కన్నాను, ఇద్దరు మిగిలారు. దానివల్లే పోయారని నేననను. నాకు తెలియదు. ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మళ్ళీ రక్తం తీసేదాకా మూడు వారాలు ఆగాలి. ఒక మధ్యాహ్నం కోడలు పలక తెచ్చి ముందు పెట్టింది.

"కూసో. తెలుగు నేర్పుత."

"మరాఠీ వచ్చు గదా."

"వచ్చింది సూసిన. ఈడ దాటేసుడు లేదు. మాట రాకపోతే ఆడనే కూసోవాలె."

అఆలు కొన్ని రోజులు. ఒత్తులకు వచ్చాక నేను రాసిన మొదటి ఒత్తు మాట ఆమె ఎంచిందే. విష్ఠ. ష కింద ఠ. పలకంతా నిండేలా పదిసార్లు రాయించింది. మా చెల్లె వచ్చి, పక్కనే ఉన్న కోడల్ని అర్థం అడిగి తెలుసుకుని, "ముసల్దానివైనంక గిదా అక్కా నువ్వు నేర్సుకున్న సదువు?" అంది. కోడలు చాలా రోజుల తర్వాత నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వుతుంటే, మెల్లగ నవ్వవే అని గదమాయించాను.

రక్తం మళ్ళీ తీశారు. రిపోర్టు డాక్టరమ్మ చేతిలో ఉండగా నేను బల్ల అంచు పట్టుకున్నాను. రాలేదు అంది. ఇంకా రాలేదు. అదే జాగ్రత్త కనేదాకా అంది. బయటికొచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాం. కోడలు నా చేతిలో కొత్త కాగితం పెట్టి, చదువు అంది. చదివాను. రెండు మాటలు రాలేదు. లేచిపోయి నర్సును అడిగి వచ్చాను.

ఆ రోజే తట్ట పైన గోడకు ఒక కాగితం అంటించాను. "పిల్లి తట్ట కోడలు ముట్టద్దు" అని రాశాననుకున్నాను. నాకు గుడి పెట్టడం మర్చిపోయే అలవాటు. "పిల్ల తట్ట" అయింది. కోడలు ఎర్ర పెన్నుతో గుడి పెట్టి, కింద "అత్తమ్మ చేతులు కడుక్కోవాలె" అని రాసి పోయింది.

ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండాకే. ఇప్పుడు పాకుతోంది, కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. కాబట్టి నా పని ఇంకా అవలేదు. తట్ట చుట్టూ చెక్క పలకలు అడ్డం పెట్టాను, పిల్లి దూకుతుంది, పిల్ల దూకలేదు. పొద్దున ఇసుక ఎత్తి, మోచేతులదాకా సబ్బు పెట్టి కడుక్కుని, అప్పుడు మనవరాలిని ఎత్తుకుంటాను. ఒక్కోసారి కోడలు లోపలి నుంచి కేకేస్తుంది.

"కడుక్కున్నవా అత్తమ్మా?"

"రాసుంది గదనే" అంటాను.